తూములో 256 గిద్దలు: సబ్‌నెట్ నోటిలెక్క నాకు పట్టుబడిన వైనం

2016 వేసవిలో గాజువాక ఆటోనగర్‌లోని ఒక గోదాములో పద్నాలుగు కెమెరాలు బిగించే పని నాకు అప్పగించారు. నెట్‌వర్క్ పనిలో చేరి అప్పటికి నాకు ఏడు నెలలు మాత్రమే అయింది. మా చేతికిచ్చిన కాగితంలో నెట్‌వర్క్ 192.168.10.64 అని, మాస్క్ (ఆ నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పే అంకె) 255.255.255.224 అని, గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌లకు దారి చూపే యంత్రం) 192.168.10.65 అని స్పష్టంగా రాసి ఉంది. రికార్డరుకు చివరి అంకె 80 ఇచ్చాను. కెమెరాలన్నిటినీ బల్ల మీద పెట్టుకొని ఒక్కొక్కదానికి 85 నుంచి వరుసగా చిరునామాలు వేసుకుంటూ వెళ్లాను. 94 వరకు, అంటే పదో కెమెరా వరకు, పని సాఫీగా సాగింది. 95 కొట్టగానే ఆ చిరునామా చెల్లదని తెర మీద వచ్చింది. 96 కొట్టినా అదే వచ్చింది. కెమెరా సాఫ్ట్‌వేర్‌లో ఏదో లోపం ఉందనుకొని ఆ రెంటినీ వదిలేసి, మిగిలిన నాలుగింటికి 97, 98, 99, 100 ఇచ్చాను. ఆ నాలుగూ అభ్యంతరం లేకుండా తీసుకున్నాయి.

బిగించడం పూర్తయ్యాక పది కెమెరాల బొమ్మలు వచ్చాయి, నాలుగింటివి రాలేదు. పింగ్ చేస్తే, అంటే నెట్‌వర్క్ మీదుగా పలకరించి చూస్తే, జవాబు లేదు. గోదాము కప్పు ఎత్తుగా ఉంది, పైన రేకులు. మధ్యాహ్నం రెండు గంటలకు నిచ్చెన చివర నిలబడితే తల మీద పొయ్యి పెట్టినట్టు ఉంటుంది. ఆ వేడిలో నాలుగు సార్లు ఎక్కి, నాలుగు కేబుళ్ల కొసలూ కత్తిరించి, ఎనిమిది తీగలనూ మళ్లీ వరుస పేర్చి కొత్త కనెక్టర్లు బిగించాను. టెస్టరులో ఎనిమిది దీపాలూ వరుసగా వెలిగాయి. స్విచ్‌లో పోర్టులు మార్చాను. పనిచేస్తున్న కెమెరాను పనిచేయని కెమెరా చోట పెట్టి చూస్తే అది చక్కగా పనిచేసింది. అప్పటికైనా తప్పు తీగలో లేదని, నేను ఇచ్చిన అంకెలో ఉందని నాకు తట్టి ఉండవలసింది, కానీ తట్టలేదు.

సాయంత్రం మా సీనియర్ టెక్నీషియన్ వచ్చారు. ఆయన నిచ్చెన వైపు చూడలేదు, కేబులు ముట్టుకోలేదు. "మాస్క్ చివర ఎంత?" అని అడిగారు. "224 సార్," అన్నాను. "రానివి ఏ నెంబర్లు?" అన్నారు. "97 నుంచి 100 వరకు," అన్నాను. "95తో గట్టు అయిపోయింది కదా బాబూ. అవతలి మడిలో నాటేసి, ఇవతలి బోదెలో నీళ్లు రావడం లేదంటే ఎలాగ?" అన్నారు. ఆ నాలుగింటికీ 81 నుంచి 84 వరకు ఇవ్వమన్నారు. పది నిమిషాల్లో పద్నాలుగు బొమ్మలూ తెర మీదికి వచ్చాయి.

నన్ను ఆశ్చర్యపరచినది ఆయన కనుక్కున్న కారణం కన్నా కనుక్కున్న వేగం. 224 అన్న మాట నా నోట్లోంచి పూర్తిగా బయటపడేలోపే ఆయన మనసులో 0, 32, 64, 96, 128 అని గట్లు, అంటే ఒక్కొక్క నెట్‌వర్క్ ముక్క మొదలయ్యే అంకెలు, పడిపోయాయి. నాకు ఆ లెక్క తెలియక కాదు. ద్వారకానగర్‌లోని కోచింగ్ సెంటరులో మూడు నెలలు కూర్చొని, నోటుపుస్తకం మీద 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని ఎనిమిది నిలువు గడులు గీసి, చిరునామాను ఒకట్లు, సున్నాలుగా మార్చి, దాని కింద మాస్క్‌ను కూడా అలాగే మార్చి, రెంటినీ కలిపి, వచ్చిన దాన్ని తిరిగి మామూలు అంకెగా మార్చడం నేర్చుకున్నాను. ఆ పద్ధతి పూర్తిగా సరైనదే, దాన్ని అర్థం చేసుకోకుండా ఎవరూ ఈ పనిలోకి రాకూడదని ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ దానికి కాగితం, కలం, రెండు నిమిషాల నిశ్శబ్దం కావాలి. గోదాములో ఆ మూడూ ఉండవు. లెక్క చేయగలగడం వేరు, లెక్క మనసులో సిద్ధంగా ఉండటం వేరు అని ఆ సాయంత్రం నాకు తెలిసింది.

ఈ లెక్క అసలు ఎందుకు పుట్టిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఐపీ చిరునామా అంటే 32 బిట్లు, అంటే ఒకటి గానీ సున్నా గానీ పట్టే 32 చోట్లు. ఎనిమిదేసి బిట్ల చొప్పున నాలుగు గదులుగా విడదీసి, మధ్యలో చుక్కలు పెట్టి రాస్తాము. 1981లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 791 (ఇంటర్నెట్ నియమాలను చెప్పే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు) ప్రకారం మొదటి గదిని చూస్తే చాలు, నెట్‌వర్క్ ఎంత పెద్దదో తెలిసిపోయేది: 127 వరకు ఉంటే క్లాస్ ఎ, 128 నుంచి 191 వరకు క్లాస్ బి, 192 నుంచి 223 వరకు క్లాస్ సి. క్లాస్ సి అంటే 256 చిరునామాలు, క్లాస్ బి అంటే 65,536, క్లాస్ ఎ అంటే 1,67,77,216. మూడు వందల కంప్యూటర్లున్న సంస్థకు క్లాస్ సి చాలదు, క్లాస్ బి ఇస్తే అరవై అయిదు వేల చిరునామాలు వృథాగా పోతాయి. ఒక నెట్‌వర్క్‌ను లోపల చిన్న ముక్కలుగా, అంటే సబ్‌నెట్లుగా, కోసుకునే పద్ధతిని 1985లో ఆర్‌ఎఫ్‌సీ 950 ఖరారు చేసింది. 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1519తో క్లాసుల గోడలే పోయి, నెట్‌వర్క్ భాగాన్నీ యంత్రం భాగాన్నీ విడదీసే గీత ఏ బిట్ దగ్గరైనా పెట్టుకోవచ్చన్న పద్ధతి వచ్చింది. ఇప్పుడు /27 అని రాస్తే మొదటి 27 బిట్లు నెట్‌వర్క్‌వని అర్థం. గీత ఎక్కడైనా ఉండవచ్చు కాబట్టి అది ఎక్కడుందో ప్రతిసారీ మనమే లెక్క కట్టుకోవాలి. నా నాలుగు కెమెరాల అవస్థకు మూలం అదే.

ఆ గోదాము సంఘటన జరిగిన తరువాత రెండు మూడు నెలలు అంకెలను బట్టీ పట్టడానికి ప్రయత్నించాను. /25 అంటే 128, /26 అంటే 192, /27 అంటే 224 అని అద్దం మీద కాగితం అతికించుకొని చదివాను. ఉదయం చదివినది సాయంత్రానికి జారిపోయేది, ముఖ్యంగా 240, 248 ఒకదానితో ఒకటి కలిసిపోయేవి. అంకెకు అంకె తప్ప పట్టుకోవడానికి మరేదీ లేకపోవడమే అందుకు కారణమని ఇప్పుడు అనిపిస్తుంది.

నాకు దారి మా ఇంటి వంటగదిలో దొరికింది. ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాటులో ఇప్పటికీ అమ్మ బియ్యాన్ని కొలిచేది అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి సోలతోనే. అంచు దగ్గర చిన్న సొట్ట, అడుగున చుట్టూ మూడు గీతలు, చేతిలో పట్టుకుంటే దాని పరిమాణానికి మించిన బరువు. అమ్మమ్మది చోడవరం వైపు పల్లె. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఆమె వాడిన కొలతల వరుస అమ్మకు నేటికీ కంఠస్థం: రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. ఒక వాన సాయంత్రం అమ్మ మా అన్నయ్య కూతురికి ఈ వరుస చెబుతూ ఉంటే, నేను పక్క గదిలో కూర్చొని /24 నుంచి /32 వరకు రాసుకుంటున్నాను. అమ్మ ఎనిమిది సార్లు "రెండు" అన్నది. చేతిలో కలం అక్కడే ఆగింది. గిద్ద ఒకటి అయితే అరసోల 2, సోల 4, తవ్వ 8, మానిక 16, అడ్డ 32, కుంచం 64, ఇరస 128, తూము 256.

తూములో సరిగ్గా 256 గిద్దలు. నాలుగో గదిలో సరిగ్గా 256 చిరునామాలు. నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. ఈ కొలతల విలువలు సీమ సీమకూ కొంత మారేవి, ఒక ఊరి కుంచం మరో ఊరి కుంచంతో సమానం కాదు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తరువాత క్రమంగా మెట్రిక్ కొలతలు వచ్చి వీటిని వెనక్కి నెట్టేశాయి. కానీ మా ఇంట్లో నిలిచిన వరుసలో ప్రతి మెట్టూ ముందుదానికి రెట్టింపే. సగానికి సగం చేసుకుంటూ పోవడమే సబ్‌నెట్టింగ్ అయినప్పుడు, ధాన్యం కొలిచినవాళ్లు ఆ సగాలకు పేర్లు పెట్టి ఉంచారు. ఆ పేర్లను తీసుకొని నా మెట్లకు తగిలించుకున్నాను. /24 తూము, /25 ఇరస, /26 కుంచం, /27 అడ్డ, /28 మానిక, /29 తవ్వ, /30 సోల, /31 అరసోల, /32 గిద్ద.

ఈ పేర్లు ఎంత లోతుగా పనికివస్తాయో తెలుసుకోవడానికి అమ్మను ఒక ప్రశ్న అడిగాను. "అమ్మా, నూట యాభై గిద్దల ధాన్యం కొలవాలి. కొలపాత్రలన్నీ నీ దగ్గర ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కసారే వాడాలి. ఎలా కొలుస్తావు?" అమ్మ కూర తరుగుతూనే, "ముందు ఇరస పోసేస్తాను. ఇంకా ఎంత మిగిలింది?" అన్నది. ఇరవై రెండు గిద్దలు అన్నాను. "అయితే కుంచం నిండదు, అడ్డా నిండదు. మానెడు పోస్తాను. ఆరు మిగిలాయా? తవ్వ నిండదు. సోలెడు పోసి, అరసోలెడు పోస్తే సరిపోయింది," అన్నది. పోసిన పాత్రకు ఒకటి, పోయని పాత్రకు సున్నా వేసి పెద్ద పాత్ర నుంచి చిన్నదాని వరకు రాస్తే 10010110 వచ్చింది. 150ని ఒకట్లు, సున్నాలుగా మార్చితే వచ్చేది అదే. నేను మూడు నెలలు గడులు గీసి నేర్చుకున్న పనిని, కంప్యూటరు ఎప్పుడూ ముట్టని మా అమ్మ వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో వేసేలోపు చేసింది.

అక్కడి నుంచి మాస్క్ అంటే ఏమిటో నాకు కొత్తగా అర్థమైంది. మాస్క్‌లో కనిపించే ఎనిమిది అంకెలు పెద్ద పాత్ర నుంచి మొదలుపెట్టి వరుసగా పోస్తూ పోతే వచ్చే మొత్తాలే. ఇరస ఒక్కటే పోస్తే 128. దానికి కుంచం కలిపితే 192. అడ్డ కలిపితే 224. మానిక కలిపితే 240, తవ్వ కలిపితే 248, సోల కలిపితే 252, అరసోల కలిపితే 254, చివరి గిద్ద కలిపితే 255. ఎక్కడ ఆగితే అక్కడి నుంచి తూము నిండడానికి కావలసినది ఆఖరున పోసిన పాత్రంతే ఉంటుంది: 224 దగ్గర ఆగితే నిండడానికి 32 కావాలి, అంటే ఒక అడ్డ. 256లోంచి మాస్క్ అంకెను తీసేస్తే బ్లాక్ సైజు, అంటే ఒక్కొక్క మడి పరిమాణం, వస్తుందని కోచింగ్‌లో సూత్రంగా చెప్పారు. ఎందుకు వస్తుందో ఇలా చూశాకే నాకు కుదురుగా తెలిసింది. 240కీ 248కీ మధ్య నాకున్న తికమక ఆ రోజుతో పోయింది. ఒకటి మానిక దగ్గర ఆగింది, ఇంకొకటి తవ్వ దగ్గర ఆగింది.

ఇక గట్టు కనుక్కోవడం. 10.1.77.150/28 అని ఎవరైనా చెప్పారనుకుందాము. /28 అంటే మానిక, అంటే పదహారు. పదహారో ఎక్కంలో పదహారు తొమ్మిదులు నూట నలభై నాలుగు, పదహారు పదులు నూట అరవై. 150 ఈ రెంటి మధ్య ఉంది. నెట్‌వర్క్ 144, తరువాతి మడి 160, బ్రాడ్‌కాస్ట్ (మడిలోని యంత్రాలన్నిటినీ ఒకేసారి పిలిచే చివరి చిరునామా) దానికి ఒకటి తక్కువ 159, యంత్రాలకు ఇవ్వగలిగినవి 145 నుంచి 158 వరకు పద్నాలుగు. అదే చిరునామాకు /26 పెడితే కుంచం కాబట్టి గట్లు 0, 64, 128, 192. 150 ఉన్న మడి 128 దగ్గర మొదలై 191తో ముగుస్తుంది. ఎక్కం రానివాళ్లు కూడా అమ్మ కొలిచినట్టు కొలిచి, మానిక కన్నా చిన్న పాత్రల్లో పోసినదాన్ని తీసేస్తే చాలు: ఇరసా, మానికా కలిపి 144. నేను మాత్రం ఎక్కాలనే నమ్ముకున్నాను. మనలో చాలామంది చిన్నప్పుడు పదహారో ఎక్కం, ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పినవాళ్లమే. దానికి ముప్పై రెండో ఎక్కం ఎనిమిది మెట్ల వరకు, అరవై నాలుగో ఎక్కం నాలుగు మెట్ల వరకు జత చేసుకుంటే సరిపోతుంది. ఎనిమిదో ఎక్కాన్ని ముప్పై రెండో మెట్టు వరకు అప్పజెప్పవలసిన అవసరం లేదు. దగ్గరలో ఉన్న కుంచం గట్టు మీదికి ముందు వెళ్లి, అక్కడి నుంచి ఎనిమిదేసి చొప్పున నడవవచ్చు.

ఒక రకం ప్రశ్న దగ్గర చాలామంది పొరపడతారు. 172.16.45.200/29 ఒక యంత్రానికి ఇవ్వవచ్చా? /29 అంటే తవ్వ, ఎనిమిది. ఎనిమిది ఇరవై అయిదులు రెండు వందలు. అంటే 200 సరిగ్గా గట్టు మీద ఉంది. అది నెట్‌వర్క్ పేరు, యంత్రానికి ఇవ్వకూడదు. 201 నుంచి 206 వరకు ఇవ్వవచ్చు. నా కెమెరా 95నూ, 96నూ ఎందుకు తోసిపుచ్చిందో ఇప్పుడు మీకే తెలుస్తుంది: ఒకటి నా నెట్‌వర్క్ ఉన్న అడ్డ తాలూకు చివరి గిద్ద, రెండోది తరువాతి అడ్డ తాలూకు మొదటి గిద్ద. ఆ పరికరం నాకు రెండుసార్లు నిజం చెప్పింది, నేను దాన్ని లోపమనుకున్నాను. 97 గట్టుకు అవతల మామూలు చిరునామా కాబట్టి దాన్ని తీసుకుంది. రికార్డరు మాత్రం 97 తన మడిలో లేదు కాబట్టి ఆ మాటలను గేట్‌వేకు పంపింది, గేట్‌వే వాటిని 96తో మొదలయ్యే వేరే నెట్‌వర్క్‌కు పంపింది. కెమెరా అదే స్విచ్‌కు తగిలించి ఉన్నా, వెతుకులాట మరో వీధిలో జరిగింది.

మూడో గదిలోకి గీత జరిగినప్పుడు లెక్క కష్టమని చాలామంది అంటారు. లెక్క అదే, కొలిచే వస్తువు మారుతుంది. అక్కడ ఒక్కొక్క గిద్ద ఒక నిండు తూముతో సమానం. 172.16.45.200/20 తీసుకోండి. 24కు 20 నాలుగు తక్కువ కాబట్టి ఒకటిని నాలుగుసార్లు రెట్టింపు చేస్తే 16, అంటే మూడో గదిలో మానిక. 45 ఉన్నది 32కూ 48కీ మధ్య. కాబట్టి నెట్‌వర్క్ 172.16.32.0, బ్రాడ్‌కాస్ట్ 172.16.47.255, యంత్రాలకు 4,094 చిరునామాలు. నాలుగో గదిలోని 200ను ఇక్కడ చూడవలసిన పనే లేదు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది: 172.16.40.0, 172.16.40.255 రెండూ ఈ నెట్‌వర్క్‌లో యంత్రాలకు ఇవ్వదగిన మామూలు చిరునామాలే. చివర సున్నా ఉంటే నెట్‌వర్క్ అని, 255 ఉంటే బ్రాడ్‌కాస్ట్ అని కళ్లతో చూసి నిర్ణయించే అలవాటు /24 దగ్గర మాత్రమే చెల్లుతుంది. ఆ అలవాటును మానుకోవడానికి నాకు లెక్క నేర్చుకోవడం కన్నా ఎక్కువ కాలం పట్టింది.

రెండో గదిలో ఇదే లెక్క అందరూ వాడే ఒక చోట ఉంది. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 సొంత వాడకానికి మూడు పరిధులు కేటాయించింది: 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16. మధ్యదానిలో 16కు 12 నాలుగు తక్కువ, కాబట్టి మళ్లీ మానిక. 16 దగ్గర మొదలై 31తో ముగుస్తుంది. 172.32తో మొదలయ్యే చిరునామాలు మనవి కావు, బయటి ఇంటర్నెట్‌లో వేరెవరివో. ఒక కార్యాలయంలో లోపలి కంప్యూటర్లకు 172.32 అంకెలు ఇచ్చి ఉండటం నా కళ్లతో చూశాను. రోజువారీ పనికి అడ్డు రాకపోయినా, ఆ అంకెలున్న అసలు సైట్లు అక్కడివారికి ఎన్నటికీ తెరుచుకోవు. /12 అంటే ఎంతో మనసులో ఉన్నవారు ఆ పొరపాటు చేయరు.

తూము పైన మాత్రం అమ్మమ్మ వరుస నాకు తోడు రాదు. ఇరవై తూములు ఒక పుట్టి. అక్కడ రెట్టింపు తెగిపోతుంది. అందుకే గది మారినప్పుడల్లా మళ్లీ గిద్ద దగ్గర నుంచి మొదలుపెడతాను.

ఎదుటివారు యంత్రాల సంఖ్య చెప్పి మాస్క్ అడిగినప్పుడు లెక్క తిరగబడుతుంది. ఇక్కడ జాగ్రత్త అంతా అంచుల్లో ఉంటుంది. ముప్పై కంప్యూటర్లు ఉన్నాయంటే అడ్డ చాలునని తొందరపడి చెబుతాము, ఎందుకంటే 32లోంచి రెండు తీస్తే ముప్పై వస్తుంది. కానీ గేట్‌వేకు కూడా ఒక చిరునామా కావాలి. ముప్పై ఒకటి అడ్డలో పట్టవు, కుంచం కావలసిందే. ప్రింటర్లు, హాజరు యంత్రాలు, వైఫై పెట్టెలు అడిగినవారి లెక్కలోకి తరచుగా రావు. నేను ఇప్పుడు సంఖ్య అడగను, గదిలో తిరిగి తీగ తగిలే ప్రతి వస్తువునూ లెక్కపెట్టుకుంటాను.

ఒకే తూమును వేర్వేరు పరిమాణాల్లో పంచవలసి వచ్చినప్పుడు పెద్దవాటిని ముందు వేయాలని పుస్తకాలు చెబుతాయి. రుషికొండ వైపు ఒక కార్యాలయానికి నేను వేసిన పంపకం ఇలా ఉంటుంది: నూరు యంత్రాలకు ఇరస, 0 నుంచి 127, యాభైకి కుంచం, 128 నుంచి 191, ఇరవై అయిదుకు అడ్డ, 192 నుంచి 223, రెండు రౌటర్ల మధ్య లింకుకు సోల, 224 నుంచి 227. పైన ఇంకా 28 మిగులుతాయి. ఇలా కాకుండా లింకును 0 దగ్గర, ఇరవై అయిదు యంత్రాలను 128 దగ్గర ముందుగా కూర్చోబెడితే ఏమవుతుంది? తూములో ఇంకా 220 గిద్దల చోటు ఖాళీగా ఉంటుంది, కానీ ఇరసకు చోటు ఉండదు. ఇరస 0 దగ్గరైనా మొదలవ్వాలి, 128 దగ్గరైనా మొదలవ్వాలి. ఆ రెండు చోట్లా ఎవరో ఒకరు కూర్చున్నారు. కుంచం 64 గుణిజాల దగ్గరే, అడ్డ 32 గుణిజాల దగ్గరే మొదలవుతాయన్న ఒక్క నియమం మరచిపోతే ఎంత చోటున్నా పనికిరాదు. లింకుకు సోల కూడా ఎక్కువే అనుకునేవారి కోసం 2000లో ఆర్‌ఎఫ్‌సీ 3021 వచ్చింది; రెండే కొసలున్న లింకుకు నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్ చిరునామాలు విడిగా అక్కరలేదు కాబట్టి అరసోలతో సరిపెట్టుకోవచ్చని దాని సారాంశం.

సాధన గురించి చెప్పకపోతే ఇది అసంపూర్ణం. ఆ ఏడాది నాకు రుషికొండలో పని పడింది. రోజూ బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కె బస్సులో వెళ్లేవాణ్ణి. ఎడమ వైపు కైలాసగిరి, కుడి వైపు సముద్రం. నేను మాత్రం ముందు వెళ్లే బండ్ల నెంబరు ప్లేట్లు చూసేవాణ్ణి. చివరి మూడు అంకెలు తీసుకోవాలి, 255 కన్నా ఎక్కువైతే 256 చొప్పున తీసేయాలి, మిగిలినదాన్ని ఒక పాత్రలో పెట్టాలి. 7613 అని ఉంటే 613లోంచి 512 పోగా 101. అడ్డలో పెడితే 96 నుంచి 127, మానికలో పెడితే 96 నుంచి 111, తవ్వలో పెడితే 96 నుంచి 103, సోలలో పెడితే 100 నుంచి 103. ఒకే అంకెను ఇలా పెద్ద పాత్రలోంచి చిన్న పాత్రలోకి దింపుతూ పోవడం నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది, ఎందుకంటే ప్రతి మెట్టులో మడి సగమై, మన అంకె ఆ సగంలో ఉందా ఈ సగంలో ఉందా అన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది. తెన్నేటి పార్కు దగ్గర మొదలుపెడితే రుషికొండ వచ్చేలోపు ముప్పై బండ్లు అయ్యేవి. తప్పు జరిగినప్పుడు చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ణి. నెల తిరిగాక చూసుకుంటే తప్పుల్లో అధిక భాగం ఎక్కాలవి కావు, ఒకటి తీసేయడం మరచిపోయినవి: తరువాతి గట్టును బ్రాడ్‌కాస్ట్ అనుకోవడం, బ్రాడ్‌కాస్ట్‌ను చివరి యంత్రం అనుకోవడం. అప్పటి నుంచి జవాబును ఎప్పుడూ ఒకే వరుసలో చెప్పుకుంటాను: ముందు నా గట్టు, తరువాత అవతలి గట్టు, అక్కడి నుంచి ఒకటి వెనక్కి, మరొకటి వెనక్కి. మూడు నెలలకు ఆలోచించడం ఆగి, చూడటం మొదలైంది.

ఫోనులో ఈ లెక్క చేసిపెట్టే యాప్‌లు ఉండగా ఇంత శ్రమ ఎందుకని నన్ను చాలామంది అడిగారు. సీసీఎన్‌ఏ అనే నెట్‌వర్కింగ్ పరీక్షలో కాలిక్యులేటరు అనుమతించరన్నది ఒక జవాబే గానీ, నాకు అది ముఖ్యమైన జవాబు కాదు. యాప్ అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతుంది. ఏది అడగాలో మనకు తెలియాలి. ఆ రోజు గోదాములో నా జేబులోనూ ఫోను ఉంది. 97 అన్న అంకెను అనుమానించాలని నాకు తోచలేదు కాబట్టి అది జేబులోనే ఉండిపోయింది. రౌటర్ ఆకృతీకరణలో రెండు వందల వరుసలు కళ్ల ముందు జారుతున్నప్పుడు, గేట్‌వే ఒక మడిలోనూ యంత్రం మరొక మడిలోనూ ఉన్న వరుస తనంతట తానే కంటికి గుచ్చుకోవాలంటే, గట్లు మనసులో ముందే వేసి ఉండాలి.

ఐపీ చిరునామాల కొత్త పద్ధతి అయిన ఐపీవీ6 వచ్చాక ఇదంతా పాతబడుతుందన్న మాట కూడా వింటూ ఉంటాను. పాత చిరునామాల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న చివరి అయిదు /8 భాగాల పంపకంతో ఖాళీ అయింది, అది నిజమే. అయినా నేను వెళ్లే గోదాములు, ఆసుపత్రులు, బడులు, అపార్ట్‌మెంట్లలో లోపల నడిచేది నేటికీ 192.168, 10 అంకెలే. కొత్తదానిలోనూ మానిక పోలేదు: అక్కడ ఒక్కొక్క అక్షరం నాలుగు బిట్లు, అంటే పదహారు విలువలు.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి శ్రీకాకుళం నుంచి వచ్చింది. మొదటి వారం ఈ వరుస చెప్పినప్పుడు, "మా నాన్నమ్మ కూడా కుంచం, అడ్డ అంటుంది సార్, ఎంతో మాత్రం ఎప్పుడూ అడగలేదు," అన్నది. ఆ ఆదివారం ఫోను చేసి అడిగి కనుక్కొని వచ్చింది. వాళ్ల ఊరి కుంచం మా కుంచంతో కలవలేదు. అడ్డకు రెండు మానికలన్నది మాత్రం కలిసింది. మేము పనిచేసే గదిలో రాక్ తలుపు లోపలి వైపు ఆమె నల్ల మార్కరుతో గిద్ద నుంచి తూము వరకు ఒక నిలువు వరుసలో రాసి, ఎదురుగా అంకెలు వేసింది. అడ్డ పక్కన 32 అని, దాని కింద చిన్న అక్షరాలతో "65 నుంచి 94 వరకే" అని ఉంది.